తీసేసినవాళ్లకి తీసే తలుపు

“బావా, సంతకం పెట్టించకు. మన తాళంలో బగ్గుంది!”

బగ్గు అనగానే బావ భగ్గుమన్నాడు.

“మెల్లగా ఏడువు! పక్క గదిలో హోటలాయన కూర్చున్నాడు. ఆయన హోటల్లో గదులన్నిటికీ మన తాళాలే బిగిస్తానంటున్నాడు. ఆ సంతకం పడలేదో, మన కంపెనీకే తాళం!”

ఫోను చూపిస్తే తెరుచుకునే తాళాలు చేసే కంపెనీ అది. బావ దానికి యజమాని. ఆ తాళాల సాఫ్ట్‌వేర్లో కన్నాలు వెతకడం బామ్మర్ది ఉద్యోగం. ‘జీతమిచ్చి మరీ ఇంటిదొంగని మేపుతున్నా’ అని బావ వచ్చినవాళ్లందరితో నవ్వుతూ చెప్పుకునేవాడు. ఇవాళ ఆ నవ్వు లేదు.

“ఇంతకీ ఎక్కడ ఏడిసింది నీ కన్నం?”

“మెమరీలో. తలుపు తెరవాల్సినవాళ్ల జాబితాలోంచి ఎవరి పేరైనా తీసేస్తే, మెమరీలో వాళ్ల చోటు ఖాళీ చేస్తున్నాం. అంతవరకూ బానే ఉంది. కానీ ఆ చోటికి దారి వాళ్ల ఫోనుకి గుర్తుండిపోతోంది. రేపు అదే చోట్లో ఇంకొకర్ని దింపామనుకో, పాతవాళ్లొచ్చి ఫోను చూపించినా, కొత్తవాళ్లే వచ్చారనుకుని తాళం తలుపు తెరిచేస్తుంది.”

“అంటే, ఇల్లు ఖాళీ చేసినవాడు తిరిగొచ్చి, కొత్తగా దిగినవాడి మంచమెక్కి పడుకుంటాడంటావు.”

“అంతే! నిన్న హోటలు ఖాళీ చేసినవాడు ఇవాళ దిగినవాళ్ల గదిలోకి దర్జాగా నడిచొస్తాడు. సామాను పోతే ఏడ్చి ఊరుకుంటారు. మనుషులకే ఏమన్నా అయితే?”

“తాళం కంపెనీ నడుపుతున్నా గానీ, నిన్ను మాత్రం తాళలేకపోతున్నానురా! మొన్నేమో మన ఆఫీసు తలుపు తెరుచుకోవట్లేదని మీ అమ్మగారి గోల. ఇవాళ తెరుచుకుంటోందని నీ గోల. తల్లీకొడుకులు ముందు ఒక మాటకి రండి!”

“అమ్మ సంగతి వేరు. తలుపులో బ్యాటరీ నీరసించింది, పాత ఫోన్లని పట్టట్లేదు, మార్పిస్తానని నువ్వేగా అన్నావు? పాపం, రోజూ క్యారియర్ పట్టుకొచ్చి బయటే నిలబడుతోంది.”

“మార్పిస్తాలేవయ్యా! ఇప్పుడదా ముఖ్యం?”

ఇంతలో పక్క గదిలోంచి హోటలాయన తల బయటికొచ్చింది. తల వెనకాల పొట్ట వచ్చింది.

“ఏదో కన్నం అంటున్నారు?”

బావ నవ్వాడు.

“మావాడికి కన్నాల పిచ్చండీ. పూరీ పొంగినా లోపల బోలుగా ఉందంటాడు. రండి, మీ కళ్లముందే తేల్చేస్తా.” బామ్మర్ది వైపు తిరిగాడు. “ఇదిగో, నీ పేరు తీసేస్తున్నా. ఆ ఖాళీలో ఈయన్ని పెడుతున్నా. తలుపు నీకు తెరుచుకుంటే సంతకం మాటే ఎత్తను. తెరుచుకోకపోతే మాత్రం రేపట్నుంచి నీకు ఈ తలుపుతో పనే ఉండదు!”

“ఒప్పుకున్నా,” అన్నాడు బామ్మర్ది.

ముందు హోటలాయన బయటికెళ్లి ఫోను చూపించాడు.

“స్వాగతం, హోటల్ యజమాని గారూ!” అంటూ తియ్యటి గొంతుతో తలుపు తెరుచుకుంది. ఆయన మొహం చేటంత అయింది.

తర్వాత బామ్మర్ది వెళ్లాడు. ఫోను చూపించాడు. ఎర్రదీపం వెలిగింది.

“క్షమించండి. మీరెవరో నాకు తెలియదు.”

తుడిచి చూపించాడు. తిప్పి చూపించాడు. ఉహూ. చివరికి లోపల్నించి బావే జాలిపడి తలుపు తీశాడు.

“చూశారా? బామ్మర్దికే దిక్కులేదు, బయటివాడికి దారెక్కడిది!”

“ఆగు బావా,” అన్నాడు బామ్మర్ది, చెమట తుడుచుకుంటూ. “ఎవర్ని ఏ ఖాళీలో దింపాలో మెమరీ ఇష్టం. ఈయన్ని నా చోట్లో కాకుండా ఇంకేదో ఖాళీలో దింపినట్టుంది. తీసేసినవాళ్లకే ఆ కన్నంలోంచి దారి. నాకంటే ముందు ఎవర్నైనా తీసేశావా?”

“ఎవర్నీ లేదు!” అన్నాడు బావ, గోడగడియారంతో మాట్లాడుతున్నట్టు.

“బాగా గుర్తు తెచ్చుకో.”

“తాళం మెమరీ అయిపోయింది, ఇప్పుడు నా మెమరీకి పరీక్షా? ఆఫీసు మొత్తానికి ఉన్నదే నలుగురం. ఎవర్ని తీస్తానయ్యా? తీసింది నిన్నొక్కణ్ణే, అదీ ఇప్పుడే!”

హోటలాయన పకపకా నవ్వి కుర్చీ లాక్కున్నాడు. బావ కాగితాలు పరిచాడు. బామ్మర్ది తన బల్ల దగ్గరికెళ్లి, కాఫీ కప్పూ చార్జరూ సంచిలో వేసుకోవడం మొదలెట్టాడు. ఉద్యోగం పోతున్నందుకు కాదు గానీ, ఉన్న కన్నం చూపించలేకపోయినందుకు కొండంత బాధపడ్డట్టున్నాడు.

హోటలాయన పెన్ను మూత తీశాడు. కాగితం మీదికి వంగాడు.

“స్వాగతం, హోటల్ యజమాని గారూ!” అంది తలుపు.

పెన్ను గాల్లో ఆగిపోయింది.

“నేనిక్కడే ఉన్నానే!” అన్నాడాయన, తన పొట్ట తడిమి చూసుకుంటూ.

అందరూ అటు తిరిగారు. తలుపు బార్లా తెరుచుకుని ఉంది. గుమ్మంలో ఒక చేత్తో ఫోనూ, ఇంకో చేత్తో క్యారియరూ పట్టుకుని అత్తగారు నిలబడి ఉన్నారు.

బామ్మర్ది వాళ్లమ్మ వంక చూశాడు. తలుపు వంక చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా బావ వంక తిరిగాడు. బావ మళ్లీ గోడగడియారం వంక చూశాడు గానీ, ఈసారి అదీ ఆదుకోలేదు.

అత్తగారు మాత్రం తీరిగ్గా లోపలికొచ్చి, సంతకం కాగితాల మీదే క్యారియర్ పెట్టి, నోరారా నవ్వారు.

“హమ్మయ్య! మొత్తానికి బ్యాటరీ మార్పించారన్నమాట, అల్లుడుగారూ!”