మూడు కూతలు

స్విచ్ నొక్కగానే కంప్యూటరు మూడుసార్లు కూత పెట్టింది. అంతే. తెర మీద చుక్క వెలుగు లేదు. భానుమతి ఆపి మళ్ళీ వేసింది. మళ్ళీ అవే కూతలు.

"పొద్దున్నించీ ఇదే పాట అక్కా," అంది పక్క క్వార్టరు నుంచి వచ్చిన సరోజతో. "మూడింటికల్లా ప్రశ్నపత్రాలు అచ్చుతీసి స్కూల్లో ఇవ్వాలి. నిన్నంతా కూర్చుని కొట్టినవన్నీ దీని కడుపులోనే ఉన్నాయి."

"ఈ పని బజార్లో టైపు షాపువాడికి ఇచ్చెయ్యమ్మా. హెడ్మిస్ట్రెస్‌కి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు."

"ఇస్తే ఏడాదంతా పని వాడికే పోతుంది. నేను చేతకానిదాన్నని తేలిపోతుంది. ఇవ్వను."

ఇవ్వను అందంటే ఇవ్వదు. ఢిల్లీ కంటోన్మెంటులో ఆ వరస క్వార్టర్లన్నిటికీ ఇంట్లో కంప్యూటరు పెట్టుకుని పని తెచ్చుకున్న ఆడమనిషి ఆవిడొక్కతే. ఆ మొదటి పనే చేతిలోంచి జారిపోతుంటే ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేక మానేసింది.

సరోజ ఇంట్లో ఫోనుంది. అక్కణ్ణుంచి కంప్యూటరు క్లాసు మాస్టారు పార్థసారథికి ఫోన్ చేసి మూడు కూతల సంగతి చెప్పింది.

"మెమొరీ చిప్పమ్మా అది," అన్నాడాయన. "సన్నటి పచ్చ బద్ద, గాడిలో నిలబెట్టి ఉంటుంది. వదులై ఉంటుంది. తీసి, అంచు పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టు. ముందు కరెంటు తీగ పీకెయ్యి సుమా."

భానుమతి కొంగు దోపి, స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుంది. మరలు చేత్తో తిప్పినా వచ్చేటంత తేలిగ్గా తిరిగాయి. మూత తీస్తే లోపల రవ్వంత ధూళి లేదు. ఢిల్లీ దుమ్ములో ఇంత శుభ్రమేమిటా అనుకుంటూనే పచ్చ బద్ద కోసం వెతికింది. గాడి ఉంది. బద్ద లేదు.

"కొట్టేశాడు," అంది సరోజ. "నిన్న సాయంత్రం దీని ఫ్యాను చప్పుడు చేస్తోందని పిలిపించారే, ఆ మునిర్కా బజారు మెకానిక్కు సునీల్. అతను తప్ప దీని మూత తీసిందెవరు? అది భలే ధర పలుకుతుందట."

భానుమతికి ఒళ్ళు మండిపోయింది. నిన్న తను వంటింట్లో ఉంటే, భర్త చెన్నకేశవులు ఆ సునీల్ పక్కనే గొంతుక్కూర్చుని ఇదేమిటి, అదేమిటి, ఏది లేకపోతే ఇది లేవదు అంటూ అతణ్ణి వేపుకు తిన్నాడు. యూనిట్లో ఆయుధాల గది తాళాలు మొలకి కట్టుకు తిరిగే హవల్దారు ఆయన. అంతటివాడి కళ్ళెదుటే నొక్కేశాడంటే ఎంత ధైర్యం.

మళ్ళీ సరోజ ఇంటికెళ్ళి ఫోన్ చేసి నిలదీసింది. సునీల్ అవతల హిందీలో లబోదిబోమన్నాడు. "కసమ్ సే భాభీజీ, ఒట్టు, నేను ముట్టుకోలేదు. మిషను చాలూ చేసి, నడుస్తోందని భాయీసాబ్‌కి చూపించాకే వెళ్ళాను. ఆయన్నే అడగండి."

"దొంగలందరూ ఇదే మాటంటారు," అంది పక్కనుంచి సరోజ.

సునీల్‌కి గేటు పాసు ఇప్పించింది చెన్నకేశవులే. దాన్ని రద్దు చేయించాలన్నా ఆయనే చెప్పాలి. ఆయనేమో తెల్లవారుజామునే ఫైరింగు రేంజికి వెళ్ళాడు. అక్కడికి ఇంటి గొడవలు మోసుకు రావద్దని ఎప్పుడూ చెప్పే మనిషి. అయినా సరే, భానుమతి యూనిట్ టెలిఫోను ఎక్స్ఛేంజిని పట్టుకుంది, వాళ్ళు వద్దన్నా వదల్లేదు, చివరికి లైను కలిపించుకుంది.

"ఏంది భానూ, అంతా బాగుండారా?" అన్నాడు చెన్నకేశవులు కంగారుగా.

ఆవిడ ఊపిరి తీసుకోకుండా జరిగిందంతా చెప్పింది. "ఆ సునీల్ పాసు ఇప్పుడే రద్దు చేయించండి. ఇంకెప్పుడూ వాడు ఈ గేటు దాటి రాకూడదు."

దూరంగా తుపాకుల మోత వినిపించింది.

"ఆ పిల్లోణ్ణి ఏమీ అనబాకు," అన్నాడు చెన్నకేశవులు. "నా నల్ల ట్రంకులో ఉంది అది. సాక్సులో చుట్టి పెట్టినా."

"మీరు తీశారా? ఎందుకు?"

"ఆయుధాల గదిలో మేం ఏం చేస్తాం? తుపాకీ ఒకచోట, దాని బోల్టు ఇంకోచోట పెట్టి తాళం వేస్తాం. దొంగ ఎత్తుకుపోయినా అది పేలదు. అంత ఖరీదైన వస్తువుని, నేను లేని ఇంట్లో, బోల్టుతో సహా ఎట్లా వదిలేసి పోతా?"

"నాకో మాట చెప్పి వెళ్ళకూడదూ?"

"నువ్వు నిద్రలో ఉండావు. పాపం, లేపబుద్ధి కాలేదు."

భానుమతి గడియారం చూసింది. రెండు కావస్తోంది. కోపం సాయంత్రం పడొచ్చు. సునీల్‌కి ముందు క్షమాపణ చెప్పాలి, కానీ అది కూడా అచ్చు అయ్యాకే. "సరే, పెట్టేస్తే అయిపోతుంది. ఉంటాను."

"ఉండుండు. పెట్టే ముందు గుడ్డతో బాగా తుడువు," అన్నాడు చెన్నకేశవులు. "తుప్పు పట్టకుండా రైఫిలు నూనెలో ముంచి పెట్టినా."