ఆరున్నొక్కటి

ఐర్లండ్‌లోని విక్లో కొండల మీద, ఊబిలాంటి బోగ్ నేల దాటుతుండగా పొగమంచు కమ్మేసింది. ముందున్న మనిషి వీపు కూడా కనబడలేదు. అడుగు తప్పితే మోకాలి దాకా బురద.

"ఎక్కడివాళ్లు అక్కడే ఆగండి. లెక్క చెప్పండి," అని ముందు నుంచి గిడియన్ కేకేశాడు. మా నడక జట్టుకు పెద్ద అతనే. "ఒకటి" అని తనే మొదలుపెట్టాడు.

రెండు నేను. నా వెనక నుంచి మూడు, నాలుగు, ఐదు, ఆరు వరసగా వినబడ్డాయి.

ఆ తర్వాత, అందరికన్నా వెనక నుంచి, "ఆరున్నొక్కటి."

శౌరి ఎప్పుడూ అంతే. ఏడు అనమంటే అనడు. "సరదాగా నడుద్దామని పిలిచి ఏడవమంటారేందిరా," అంటాడు.

"సరే, అందరూ ఉన్నారు. పదండి," అన్నాడు గిడియన్, అలవాటుగా. రెండడుగులు వేసి ఆగిపోయాడు.

లాక్‌డౌన్ ఎత్తేశాక ఇదే మా మొదటి నడక. నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ చేస్తూ చేస్తూనే శౌరి జనవరిలో కోవిడ్‌తో పోయాడు. భూస్థాపనకు పదిమందినే రానిచ్చారు. ఆ పదిమందిలో మేం లేం. ఫోన్‌లో చూశాం. మధ్యలో సిగ్నల్ పోయింది.

"మళ్లీ చెప్పండి," అన్నాడు గిడియన్. ఈసారి కేకెయ్యలేదు.

ఆరు దాకా చెప్పి ఊపిరి బిగబట్టాం. గాలి తప్ప ఏమీ వినబడలేదు.

కాసేపటికి మంచు విడిచిపోయింది. కింద రోడ్డు, మా కార్లు స్పష్టంగా కనబడ్డాయి. ఒక్కరూ కదల్లేదు.

"ఇంకోసారి," అన్నాడు గిడియన్.