ఒక్క పోగు

"ఒక్క పోగు ఇస్తారా అమ్మా?"

పళ్ల డాక్టరు ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

చిన్న కత్తెర పట్టుకుని ఓ ముసలాయన నిలబడి ఉన్నాడు. ఆయన చూపు ఆమె ముఖం మీద లేదు, చొక్కా అంచు మీద ఉంది.

"ఏం పోగు?"

"బట్ట పోగు. ఇంతే." చిటికెన వేలి గోరు చూపించాడు.

ఆమె సరేననేలోపే పోగు తెగింది. ఆయన గోడవైపు తిరిగి అగ్గిపుల్ల గీశాడు. పోగు కొస కాల్చి, కళ్లు మూసుకుని వాసన చూశాడు. బూడిదను వేళ్ల మధ్య నలిపాడు. మిగిలిన ముక్కను జేబులో వేసుకుని, నీళ్ల బకెట్టు పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

ఆమె తనకు ఆట నేర్పే మాస్టారు దగ్గరికి వెళ్లింది.

"ఎవరు మాస్టారూ ఆయన?"

"దారాలాయన. నేనీ షెడ్డు తీసుకున్నప్పటి నుంచీ వస్తున్నాడు. ఒంటి మీద ఉన్నది కాటనో కాదో చూస్తాడట."

"లేబుల్ చూస్తే తెలీదా?"

"చదవడం రాదేమో పాపం!"

ఆట నేర్చుకుంటున్నవాళ్లంతా నవ్వారు.

పగలంతా జనం నోళ్లలోకి తొంగిచూసే డాక్టరుకు, వారానికి రెండు సాయంత్రాలు నిప్పుతో ఆడటం సరదా. గొలుసుల చివర వత్తులు కిరోసిన్‌లో ముంచి, వెలిగించి తిప్పడమే ఆట. చుట్టూ మంట హోరుమంటుంటే లోకంలోని పంటినొప్పులన్నీ మరిచిపోయేది.

అలాగని నిర్లక్ష్యం మనిషి కాదు. జుట్టు తడిపి ముడి వెయ్యాలి, కాటన్ తప్ప కట్టకూడదు, పక్కన తడి దుప్పటితో ఒకరుండాలి. మాస్టారు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా పాటించేది.

ఆర్నెల్లకు మొదటి ప్రదర్శన ఖాయమైంది. శనివారం సాయంత్రం, మైదానంలో, నాలుగొందల మంది ముందు.

దానికోసం ఎర్ర డ్రెస్ కొంది. నూటికి నూరుపాళ్లు కాటనని లోపల లేబుల్ ఉంది. మాస్టారు కూడా చేత్తో తడిమి చూసి సరేనన్నాడు.

గురువారం అది వేసుకుని షెడ్డుకు వస్తే, దారాలాయన కత్తెర తీశాడు.

"దీని మీద చెయ్యి వేశారంటే ఊరుకోను. అంచు పాడైపోతుంది."

"లోపలి మడతలోంచి తీస్తానమ్మా. కనిపించదు."

"ఇదిగో లేబుల్. ఎవరిచేతైనా చదివించుకోండి."

"అది నోటిమాట లాంటిదేనమ్మా. బట్ట నిజం చెప్పాలంటే కాలాలి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన ఆ మాట అన్న తీరు అలాంటిది.

శుక్రవారం క్లినిక్‌లో ఆఖరి పేషెంటు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. డాక్టరు కాగితాలు చూస్తూనే లైటు వేసింది.

"నోరు తెరవండి."

తెరిచాడు. ముసలి నోట్లో ముప్పై రెండు పళ్లూ గట్టిగా ఉన్నాయి.

"ఏ పన్ను నొప్పి?"

"పళ్లు బాగానే ఉన్నాయమ్మా. ఒక్క పోగు కోసం వచ్చాను."

అప్పుడు చూసింది, జేబులోంచి తొంగిచూస్తున్న కత్తెరను.

"రాత్రంతా నిద్ర లేదమ్మా. ఇరవై ఇద్దరి బట్టలూ చూశాను. మీ ఎర్రదొక్కటే మిగిలింది."

"ముందు బయటికి పొండి! రేపు మైదానంలో కనిపించారంటే పోలీసుల్ని పిలుస్తాను."

ఆయన మెల్లగా లేచాడు. గుమ్మం దగ్గర ఆగి ఆమె కుడిచేతివైపు చూశాడు.

"ఆ చేతి మీదే కదమ్మా మీ బతుకు."

ఆ మాటకు ఆమె తలుపు గడియ వేసుకుంది.

శనివారం గేటు దగ్గర మనిషికి ఆయన ఆనవాళ్లు చెప్పి, లోపలికి రానివ్వొద్దంది. తర్వాతే వత్తులు వెలిగించింది.

జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. గిర్రున తిరుగుతున్న వత్తి ఒకటి కుడి మణికట్టును ఒరుసుకుంది. ఇంతకుముందూ రెండుసార్లు అలా తగిలింది. తట్టగానే ఆరిపోయింది.

ఇప్పుడూ తట్టింది. ఆరలేదు.

బట్ట బూడిదై రాలలేదు. కరుగుతోంది. కరిగి చర్మానికి అతుక్కుంటోంది.

మాస్టారు పరుగున వచ్చి తడి దుప్పటి కప్పాడు. మంట ఆరింది. బట్ట మాత్రం ఊడి రాలేదు.

గేటు అవతల దారాలాయన ఊచలు పట్టుకుని, ముక్కు పైకెత్తి గాలిని వాసన చూస్తున్నాడు. చూస్తూ ఏడుస్తున్నాడు.

"కాటన్ కాదమ్మా ఇది. సగానికి పైగా ప్లాస్టిక్ దారమే," అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు, ముక్క తర్వాత ముక్క వలుస్తూ.

చెయ్యి దక్కింది. రెండు వేళ్లు మాత్రం ఇక వంగవన్నారు. క్లినిక్ మూతపడింది.

మూడు నెలల తర్వాత మాస్టారు దగ్గర అడ్రసు తీసుకుని, ఆమె ఓ చిన్న ఇంటి తలుపు తట్టింది. క్షమించమని అడగాలి, అంతే.

తలుపు తీసిన పెద్దావిడ ముందుగా ఆమె చేతివైపు చూసింది.

"పళ్ల డాక్టరమ్మా?"

"అవునండీ. ఆయనున్నారా?"

"పోయి నెలైందమ్మా."

ఆవిడ లోపలికి రమ్మని, అలమరలోంచి ఓ అట్ట తెచ్చి ఒళ్లో పెట్టింది.

అట్ట నిండా వరసగా సూదులు. ప్రతి సూదికీ కొస కాలిన పోగు, కింద చక్కటి చేతిరాతతో ఎవరిదో తెలిసేలా ఓ గుర్తు. చివర 'పళ్ల డాక్టరమ్మ, ఎర్ర డ్రెస్' అని ఉంది. ఆ సూది ఖాళీ.

మొట్టమొదటి సూదికి పోగు లేదు. కరిగి గట్టిపడిన నల్లటి పూస ఒకటి అంటుకుని ఉంది. కింద ఏమీ రాయలేదు.

"ఇదెవరిదండీ?"

"ఆ పిల్ల పేరు కూడా మాకు తెలీదమ్మా. దక్కలేదు. ఆ కబురు తెలిశాక, మిగిలిన తానులోంచి పోగు తీసి కాల్చి చూశారు."

"ఏ తాను?"

ఆవిడ మూలన ఆనించి ఉన్న ఇత్తడి గజం బద్దవైపు చూసింది.

"మాది బట్టల కొట్టమ్మా. పన్నెండేళ్ల కిందట ఆ పిల్ల వచ్చి, 'నిప్పుతో ఆడతాను, ఇది ప్యూర్ కాటనేనా?' అని అడిగితే, తాను మీది లేబుల్ చూసి అవునని చెప్పి, కొలిచి, కత్తిరించి ఇచ్చింది ఆయనే."