గుట్ట కింద ఎర్రదారాలు

శామీర్‌పేట బాట పక్క గుట్ట కింద ఆ మనిషి మళ్లీ కక్కుకుంటున్నాడు.

సిద్దమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. చంకలోని బిడ్డ మొహం అటు తిప్పింది.

గడ్డం నిండా చొంగ. చొక్కా నిండా పసరు. మూతి తుడుచుకున్న చేత్తోనే పక్క తీగ కాయ తెంపి నోట్లో వేసుకున్నాడు.

"థూ. కుక్కయినా కక్కినంక జరసేపు ఆగుతది."

యుద్ధం రోజులు. దానికి తోడు వానల్లేవు. ఇంట్లో జొన్నలు అయిపోయాయి. ఇక మిగిలింది గుట్ట మీది అడవి చిక్కుళ్లే. విత్తకపోయినా ఏటేటా పాత వేరు నుంచే లేచే తీగలవి. వాటి మీద వీడి ఎంగిలి.

"ఈ తీగలన్నీ ఒకటి కావమ్మా," అన్నాడతను. "ఆకు ఒకేలా ఉన్నా, ఏడు జాతులు."

"ముందు నీ జాతేందో జెప్పు."

అతను వంగి ఒక తీగ మొదలుకు ఎర్రదారం కట్టాడు.

అప్పుడు చూసింది. గుట్ట పొడుగునా దారాలే. తెల్లవి, ఎర్రవి.

సిద్దమ్మ బిడ్డను గట్టిగా పట్టుకుని ఊరివైపు కేకేసింది.

"ఓ పర్వతాలు మామా, జల్దీ రా. గీడు బాణామతి చేస్తాండు."

పర్వతాలు కర్రతో వచ్చాడు. వెనక మరో పదిమంది.

"పిల్లలు దిరిగే కాడ గీ దారాలేందిరా?"

"ఎర్రవి మాత్రం తీయకండి."

"అంటే అసలు మంత్రం అండ్లనే ఉన్నది," అంది సిద్దమ్మ.

అతను ఇంకేదో చెప్పబోయేలోగానే నాలుగు దెబ్బలు పడ్డాయి. అతను సంచి వదిలేసి, కుంటుకుంటూ మేడ్చల్ వైపు పోయాడు.

దారాలన్నీ సిద్దమ్మే తెంపింది. ఉమ్మి మరీ తెంపింది.

సంచిలో ఏడు కాగితాలు. ఒక్కోదాంట్లో ఒక ఎండు తీగ, కింద ఏదో రాత.

"పొయ్యికైనా పనికొస్తయి."

మర్నాడు గుట్ట తీగల నుంచి ఒడినిండా చిక్కుడు గింజలు ఏరుకొచ్చి కుండలో ఉడకేసింది. మంట ఆరినప్పుడల్లా ఒక కాగితం వేసింది. బిడ్డ పళ్లెం పట్టుకుని కూర్చుంది.

బడి పంతులమ్మ కృపమ్మ నిప్పు కోసం వచ్చింది. సిద్దమ్మ చేతిలోని కాగితం చూసి లాక్కుంది.

"ఇది ఏడోది. తక్కినవేవి?"

"కాలినయి. గా కక్కుడోనివే. మంత్రమా అండ్ల?"

కృపమ్మ మనసులో చదువుకుంది. కాలితో కుండను తన్నేసింది.

గింజలు బూడిదలో చెల్లాచెదరయ్యాయి. బిడ్డ ఏడుపందుకుంది.

"గిదేంది పంతులమ్మా, పొల్ల నిన్నటిసంది ఏం తినలే."

కృపమ్మ ఈసారి పైకి చదివింది.

"ఏడో జాతి. చూపుకు, తినదగ్గ తెల్లదారం వాటిలాగే ఉంటుంది. నాలుగు గింజలు తిన్నాను, మూడుసార్లు కక్కుకున్నాను. పిల్లలు దీని జోలికి పోకుండా ఎర్రదారం కట్టాను."