పుల్లల పందెం

"ఉమ్మెయ్! ముందు ఉమ్మెయ్!"

తలుపు నెట్టుకుని లోపలికొచ్చిన జమున, భర్త గడ్డం గట్టిగా పట్టుకుంది. కుర్చీలో ఉన్న ఉపేందర్ బిత్తరపోయి చూశాడు. స్కాన్ కోసం అతని చేతికి మందు ఎక్కించి ఇరవై నిమిషాలైంది. గంటసేపు మాట్లాడొద్దు, ఏమీ నమలొద్దు అని చెప్పి మరీ అక్కడ కూర్చోబెట్టారు.

"తలుపు అద్దంలకెల్లి చూస్తనే ఉన్న. దవడ ఆడుతున్నది. ఎవడిచ్చిండు గుట్కా? ఆటో స్టాండు కాడి నీ దోస్తులా? మొదలు కారం మండుతున్నదంటివి. తర్వాత నోరు తెరుచుకుంటలేదంటివి. గప్పుడు గూడ నోట్లె పొట్లమే. బుగ్గ కోపిచ్చుకుంటివి, కేన్సర్‌కు నెలన్నర కరెంటు పెట్టిచ్చుకుంటివి. ఇంకా బుద్ధి రాకపాయె!"

ఉపేందర్ నోరు తెరిచి చూపించాడు. లోపల ఏమీ లేదు.

స్కాన్ గదిలో పనిచేసే జగన్మోహన్ ఉరికొచ్చాడు. "ఏందమ్మా గిది? లోపలికి రావద్దంటిని కద!"

"దవడ ఆడిస్తున్నడు సార్."

ఉపేందర్ నోరు నెమ్మదిగా తెరిచి, మూసి చూపించాడు. ఆపరేషన్ తర్వాత రోజూ చేయమన్న కసరత్తు అది. ఊరికే కూర్చోలేక, అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు.

"అది గూడ బందు పెట్టన్నా," అన్నాడు జగన్మోహన్. "నీకు ఎక్కిచ్చిన మందు చక్కెర అసొంటిది. కేన్సర్ ఏడుంటే ఆడ చేరి స్కాన్ల మెరుస్తది. పని చేసిన కండ గూడ అట్లనే మెరుస్తది. అది రోగమా, కసరత్తా అని డాక్టర్లు తల పట్టుకోవాలె."

జమున వెనకడుగు వేసింది. ఆ కసరత్తు విడవకుండా చేయించింది తనే.

బయటికొచ్చి బల్ల మీద కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. ఊళ్లో, కొడకండ్లలో ఉన్న అత్తకు ఫోన్ చేసింది. "అత్తా, పాప తిన్నదా? రేపు పొద్దుగాల గానీ ఇంటికి రాము. స్కాన్ మందు ఎక్కిచ్చిండ్రని ఈయ్యాల పిల్లల దగ్గరికి పోవద్దన్నరు ఆయనను." ఫోన్ పెట్టేసి, బొడ్లో దోపుకున్న వక్కపొడి పొట్లం తీసి ఇంత నోట్లో వేసుకుంది. పొగాకు కలపని ఉత్త వక్కపొడే. ఆయన రోగం బయటపడ్డప్పటి నుంచి, పరేషాన్ అయితే అది లేనిదే ఆమెకు నిమ్మళం లేదు. స్కాన్ అయ్యి, సాయంత్రం డాక్టరమ్మ పిలిచేలోపు పొట్లం ఖాళీ అయింది.

డాక్టరమ్మ కంప్యూటర్ తెర వాళ్లవైపు తిప్పింది. "దవడ దగ్గర మెరుపు కనపడుతోంది."

జమున చేతిలో ఖాళీ పొట్లం నలిగింది. "నా వల్లనే మేడం. నేనే చేయమన్న..."

"ఆగమ్మా, చెప్పనీ. రెండు వైపులా ఒకే తీరుగా ఉంది. ఇది కండ మెరుపే. మునుపు పుండు ఉన్న చోట ఏమీ లేదు, మెడలో గడ్డలు లేవు. స్కాన్ బాగుంది."

జమున కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"చూస్తివా?" అన్నాడు ఉపేందర్. "గుట్కా నమిలితే ఒక్క దిక్కే మెరుస్తుండె. ఊకె గదవ వట్టుకొని గుంజితివి నన్ను."

డాక్టరమ్మ నవ్వింది. "పుల్లలు ఎన్ని పడుతున్నాయి ఇప్పుడు?"

ఐస్‌క్రీం పుల్లలు. పళ్ల మధ్య ఒకదానిపై ఒకటి పేర్చి, రోజుకింత నోరు సాగదీయాలి.

"పదహారు మేడం! ఆరు కాడికెల్లి మొదలువెట్టిన. రోజూ పొద్దుగాల నాకూ ఈమెకూ పందెం. మా బిడ్డ లెక్కవెడ్తది. ఈ నడుమ ఎప్పుడు ఈమెనే ఓడిపోతది."

"ఆమె ఓడిపోతుందా?"

"నన్ను గెలిపియ్యనీకి కావాలనే ఓడిపోతది మేడం. మొదలు పద్నాలుగు పెట్టుకునేది. ఇప్పుడు పదకొండుకే చాలంటది. నాకు కారం పడదని తను గూడ కారం మానేసింది. గిసొంటి పెండ్లాం ఎవలకు దొరుకుతది చెప్పు!"

జమున సిగ్గుపడుతూ కళ్లు తుడుచుకుంది. "ఆయన మాటలు పట్టించుకోకు మేడం. కావాలని కాదు, నిజంగనే పుల్లలు పడ్తలెవ్వు. కారం అంటవా, నోరు మండుతున్నదని మానేసిన."

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. ఆమె చూపు జమున గుప్పిట్లో నలిగిన వక్కపొడి పొట్లం మీద నిలిచింది. సొరుగు లాగి, చిన్న టార్చి లైటు తీసింది.

"ఉపేందర్, నువ్వు ఆ కుర్చీలోంచి లే. జమునా, నువ్వొచ్చి కూర్చో. నోరు తెరువు."