మూడో పొద్దు గూకేలోగా

జీపు దిగిన పరదేశి డేరా ముందు నిలబడి సలాం చెప్పాడు.

డేరావాడు ముసల్లం టీ పోశాడు. పేరు అడగలేదు.

సినాయ్ తీరంలో ఎడారి తెగవాళ్లు అతిథిని మూడు రోజుల దాకా పేరడగరు, పనడగరు. ఏ ప్రశ్నయినా మూడో పొద్దు గూకాకే.

అయినా వచ్చిన పని తెలుస్తూనే ఉంది. రెండు గాలి సిలిండర్లు, నల్ల రబ్బరు దుస్తులు. ఎదురుగా సముద్రంలో పగడపు గట్టు మధ్య అడుగు కనపడని నీలిగుండం.

"ఇంకొకడు దిగాడమ్మా, కొరివితో తల గోక్కోడానికి!" అని లోపలికి కేకేశాడు ముసల్లం.

"నోర్ముయ్యరా. అతిథి వింటాడు," అంది తల్లి.

మొదటిరోజు పరదేశి నలభై మీటర్లు దిగాడు. గట్టు మీద తాడు పట్టుకున్నది ముసల్లమే. ప్రశ్నలకే గాని ఎత్తిపొడుపులకు ఆచారం అడ్డురాదు.

"మీ అందరిదీ ఒకటే పిచ్చి. లోతుకు దిగాలి, ఫొటో తీసుకోవాలి, ఊళ్లో గొప్పలు చెప్పుకోవాలి."

"నిజమే," అన్నాడతను వచ్చీరాని అరబ్బీలో. "మొదటిసారి అందుకే వస్తారు."

రెండోరోజు యాభై మీటర్లు. వట్టి చేతులతో పైకొచ్చాడు.

మధ్యాహ్నం రొట్టె పెడుతూ తల్లి చెప్పింది.

"నా చిన్నకొడుకు హుమైద్ అందులోనే పోయాడు నాయనా. నాలుగేళ్లయింది. ఒక పరదేశిని పైకి లాక్కొచ్చి, వణుకుతున్నాడని తన తలగుడ్డ చుట్టి పడుకోబెట్టాడంట. వాడి స్నేహితుడి కోసం మళ్లీ దిగాడు. ఇద్దరూ రాలేదు."

ఆమె ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయింది.

"వట్టి గొయ్యి పూడ్చి రాయి పెట్టాం. అందులో వేయడానికి వాడిదంటూ ఏదీ దొరకలేదు. తలగుడ్డేమో ఆ పరదేశితోపాటే ఆసుపత్రికి పోయింది."

అతిథి చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

"ఆరోజు నేను కొండల్లో ఒంటెల వెంట ఉన్నా," అన్నాడు ముసల్లం. "ఆ బతికినోడు మళ్లీ మొహం చూపించలేదు. మీకు చెలగాటం, మాకు ప్రాణసంకటం! వాడు గానీ నా కంటపడితే..."

అతిథి లేచి బయటికి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక తల్లి నెమ్మదిగా అంది. "నాకు మాత్రం వాణ్ణి ఒక్కసారి చూడాలని ఉందిరా. నా బిడ్డ చేతులు చివరిగా తాకింది వాణ్ణే."

మూడోరోజు అతను అరవై దాటాడు. తాడు చాలాసేపు కదల్లేదు. ముసల్లం మొదటిసారి భయపడ్డాడు.

పైకొచ్చేసరికి అతని ముక్కులోంచి రక్తం కారుతోంది. నడుముకు కట్టుకున్న సంచి బరువుగా వేలాడుతోంది.

అందులో ఏముందో అడగబోయి ముసల్లం ఆగాడు. పొద్దు ఇంకా కొండ మీదే ఉంది.

"సాయంత్రం అన్నీ అడుగుతాలే. మేకను కోస్తున్నాం, తిని చెబుదువు."

అతిథి తలూపాడు.

ముసల్లం మేకను తోలుకొచ్చేసరికి డేరా ముందు ఎవరూ లేరు. దూరంగా జీపు లేపిన దుమ్ము మాత్రం కనిపిస్తోంది. పొద్దు గూకడానికి ఇంకా గంట ఉంది.

"చెప్పకుండానే పోయాడా?" అంది తల్లి బయటికొచ్చి.

"గొప్పలు చెప్పుకోవాలిగా. తొందర!"

అతను కూర్చున్న చాప మీద చిన్న మూట ఉంది. తల్లి విప్పింది.

లోపల సీసపు దిమ్మ. చేపల డబ్బాలో సీసం పోసి, నీళ్లలో దిగేముందు నడుముకు కట్టుకోవడానికి హుమైద్ తయారుచేసుకున్న బరువు. మేకుతో గీసుకున్న పేరు ఇంకా చెరిగిపోలేదు.

ముసల్లం దాన్ని రెండు చేతులా తీసుకున్నాడు.

"దీనికోసమా దిగాడు? మన హుమైద్ కోసం వాడికెందుకమ్మా ఇంత తెగింపు?"

తల్లి సీసం వైపు చూడలేదు. దాన్ని చుట్టి తెచ్చిన తలగుడ్డను ఒళ్లో పరుచుకుని, ఒకప్పుడు తాను అంచుకు కుట్టిన ఎర్రదారాన్ని వేలితో తడుముతూ ఉండిపోయింది.