కట్టి విడిచిన చీర

బాగేపల్లి బస్టాండు వెనక సందులోని చీరల అంగడిలో, ఎవరూ లేరనుకుని పురుషోత్తం ఒక చీరను భుజాన వేసుకుని చూసుకున్నాడు.

అంగడి యజమానురాలు రామలక్ష్మమ్మ చూడనే చూసింది.

"ఆ రంగు నీకు నప్పదప్పా. ఈ నేరేడుపండు రంగు చూడు."

"మా ఇంట్లో ఆడోళ్ళకమ్మా."

"సరేప్పా. లోపల అద్దం ఉండాది. ఆయమ్మ కట్టుకుంటే ఎట్లుంటాదో నువ్వే కట్టి చూసుకోపో."

పురుషోత్తానికి చింతామణిలో టమాటా మండీ. పెట్టె పైవరస చూసి అడుగువరస ఎలా ఉందో చెప్పగలడు. అతని అడుగువరసలో మాత్రం చిన్నప్పటి నుంచీ చీర కట్టుకోవాలనే కోరిక ఒకటి దాక్కుని ఉంది.

ఆన్‌లైన్లో ఒక జాకెట్టు తెప్పించుకుంటే చంకల దగ్గర పట్టేసింది. వాపసు పంపాడు. చింతామణిలో కొందామంటే ప్రతి అంగడివాడూ తెలిసినవాడే. అందుకే బాగేపల్లి దాకా వచ్చాడు.

ఆ తర్వాత అతనికి బాగేపల్లిలో పనులు ఎక్కువయ్యాయి.

రామలక్ష్మమ్మ ఊరు అడగలేదు, పేరూ అడగలేదు. కుచ్చిళ్ళు జారకుండా పెట్టుకోవడం నేర్పింది. జాకెట్టుకు అతని కొలతలే తీసుకుంటూ, "ఆయమ్మవి బాగా వెడల్పు భుజాలప్పా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

అతను కట్టి చూసి వద్దన్న చీరలను మాత్రం ఆమె మళ్ళీ అరలో పెట్టేది కాదు.

"వాటిని అమ్మవా అమ్మా?"

"పెండ్లికని వచ్చేవాళ్ళకు మడత విప్పని చీరే ఇయ్యల్ల. ఇవి నేనే కట్టుకుంటాలే."

ఒక ఆదివారం పొద్దున ఇంట్లో కాఫీ గ్లాసు ముందు పెట్టి భార్య నేత్ర అడిగింది.

"చీరలు కట్టుకుంటాండావు గదా నువ్వు?"

"ఎవరు చెప్పినారు?"

"ఎవరు చెప్తే ఏంలే. అవునా, కాదా?"

అతను తల వంచుకున్నాడు. నేత్ర లోపలికి వెళ్ళి బట్టలు పెట్టెలో సర్దుకుంది. ఏమనుకుందో, సాయంత్రానికి మళ్ళీ తీసి బీరువాలో పెట్టేసింది. మాట మాత్రం ఆడలేదు.

పురుషోత్తం లెక్క వేశాడు. సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే. ఊరూ పేరూ ఎలా కనుక్కుందో గానీ, బయటపెట్టింది ఆమే అయ్యుండాలి. నవ్వుతూ కొలతలు తీసుకుని, నవ్వుతూనే తన పరువు అమ్మేసింది. అంతగా ఎవరినీ నమ్మలేదు జన్మలో.

మోసపోయిన వ్యాపారి ఏడుస్తూ కూర్చోడు. ఎదుటివాడి బేరం చెడగొడతాడు.

మండీకి సరుకు తెచ్చే బాగేపల్లి రైతులతో ఒక మాట అన్నాడు. "ఆ సందు అంగడిలో పెండ్లి చీరలు తీసుకోవద్దండప్పా. కట్టి విడిచినవి మడతపెట్టి అమ్ముతాండారు. నా కండ్లారా చూసినా."

కట్టి విడిచింది తానేనని చెప్పలేదు.

పెండ్లిళ్ళ కాలం వచ్చింది. ఒకరు కట్టి విడిచిన చీరతో పెండ్లికూతురిని పీటల మీద ఎవరు కూర్చోబెడతారు? ఆ సందులోకి పోయేవాళ్ళే లేకపోయారు. కాలం ముగిశాక అతను అటుగా వెళ్ళి చూస్తే అంగడికి తాళం. చెల్లుకు చెల్లు అనుకున్నాడు.

ఇంట్లో నేత్ర మెల్లగా మెత్తబడింది. ఒకరోజు తన చీరే ఒకటి తెచ్చి అతని ఒళ్ళో వేసింది.

"ఇది కట్టుకో. నా జాకెట్టు మాత్రం నీకు పట్టదు."

అతనికి కళ్ళు తడిశాయి. ధైర్యం చేసి అడిగాడు.

"ఆ పొద్దు నీకు చెప్పిందెవరు?"

"ఎవరు చెప్పల్ల? ఆ ఆన్‌లైన్ అంగడి యాప్ నా ఫోన్లోనూ ఉండాది, ఇద్దరిదీ ఒకటే అకౌంటు. 'మీ కొలతకు కొత్త జాకెట్లు వచ్చినాయి' అని నాకు మెసేజ్ మీద మెసేజ్. నా కొలత నాకు తెలీదా? నీ కొలతా తెలీదా?"

పురుషోత్తం ఒళ్ళోని చీరను పక్కన పెట్టాడు.

"మరి పెట్టె సర్దుకునీ ఎందుకు పోలేదు?"

"మా పిన్నమ్మ ఆపింది. వేరే కులమాయన్ని చేసుకున్యాదని మావాళ్ళు దూరం పెట్టినారే, ఆమె. మన పెండ్లికీ పిలవలేదు. చాటుగా ఫోన్లో మాట్లాడుకుంటాము. ఏడుస్తా చెప్తే, 'ఆయప్ప మంచోడు నేత్రా, ఒక చీర కోసం మనిషిని పోగొట్టుకోవద్దు' అనింది."

"నన్ను చూసిందా ఆమె?"

"మన పెండ్లి ఫోటో పంపించింటి. ఫోన్ తెరిస్తే అదే కనపడేటట్లు పెట్టుకోనుండాది."

"ఇప్పుడు యాడుండాది? పోయి చూసొద్దామా?"

నేత్ర తల అడ్డంగా ఊపింది.

"యాడికి పోయిందో ఏమో, ఫోన్ కూడా కలవడం లేదు. ఎవరో గిట్టనోళ్ళు లేనిపోనిది పుట్టించినారంట, బాగేపల్లిలో చీరల అంగడి మూసేసి పోయింది మా రామలక్ష్మి పిన్నమ్మ."